ఒకసారి 70 శాతం గుండె కణాలు, మరోసారి 5 శాతం: ప్రోటోకాల్ మార్చాలా, ఇంకేదైనా చూడాలా?

కొత్తపిపెట్
మనిషి ఐపీఎస్ కణాల (ఏ రకం కణంగానైనా మారగలిగేలా వెనక్కి తిప్పిన మూలకణాలు) నుంచి గుండె కండర కణాలు తీసే పని. సున్నా రోజున చిర్ 99021 (వింట్ అనే సంకేతాన్ని లేపే మందు), మూడో రోజు ఐడబ్ల్యూపీ2 (దాన్ని ఆపేది), అందరూ చేసే పద్ధతే. 12 వెల్ (గుంట) ప్లేటు, కణాలు అంటుకోడానికి మాట్రిజెల్ కోటింగ్, ఐపీఎస్ పెంచడానికి ఈ8 మీడియం. చిర్ 8 మైక్రోమోలార్, సరిగ్గా 24 గంటలు. 15వ రోజు ట్రోపోనిన్ టీ (గుండె కండర ప్రోటీన్) పాజిటివ్ శాతం గత ఐదు బ్యాచుల్లో వరుసగా 70, 15, 55, 5, 30. చేతులు అవే, లైన్ అదే, పుస్తకం అదే. ఈ ప్రోటోకాల్ పనికిరాదు, ఇంకో పేపర్‌లోది పట్టుకోమని గైడ్ అంటున్నారు. నిజంగా మార్చాల్సిందేనా?
ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే అడిగేస్తా. థీసిస్ వచ్చే ఏడాదికి అయిపోతుంది. కణాలు పెంచడం తప్ప వేరే పని రానివాళ్లకు ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా, లేక ఇప్పుడే కోడింగ్ మొదలుపెట్టాలా?

హుడ్‌కింద
ప్రోటోకాల్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఇవి చెప్పండి. వెల్‌కి ఎన్ని కణాలు వేశారు? సున్నా రోజున ఎంత నిండాయో ఎలా తెలిసింది? ముద్దలుగా వేశారా, విడి కణాలుగానా? పాసేజ్ (ఎన్నోసారి కొత్త ప్లేటుకు మార్చారు) ఎంత? కార్యోటైప్ (క్రోమోజోముల తనిఖీ) చివరిసారి ఎప్పుడు? మైకోప్లాస్మా (కల్చర్‌లో దాక్కునే బ్యాక్టీరియా) ఎప్పుడు చూశారు? చిర్ స్టాక్ ఎంత పాతది?

కొత్తపిపెట్
ఈడీటీఏతో (కణాల పట్టు వదిలించే రసాయనం) ముద్దలుగా, 1:6, అంటే ఒక వెల్‌లోవి ఆరింటికి. మైక్రోస్కోపులో చూసి 80 శాతం నిండాయనిపిస్తే మొదలుపెడతాను. ఒక్కోసారి మూడో రోజు, ఒక్కోసారి నాలుగో రోజు. పాసేజ్ 41. కార్యోటైప్ పాసేజ్ 15లో చేశారట, రిపోర్టు ఫైల్లో ఉంది. మైకోప్లాస్మా ఏడాది కిందట. చిర్ 10 మిల్లీమోలార్, డీఎంఎస్‌ఓలో, మైనస్ 20లో ఒకే ట్యూబు.

మెసోడర్మ్_మనిషి
మీ 70కీ 5కీ మధ్య తేడా చాలావరకు ఆ "80 శాతం అనిపిస్తే" అన్న మాటలోనే ఉంది.

చిర్ జీఎస్‌కే3 అనే ఎంజైమును ఆపి వింట్ సంకేతాన్ని లేపుతుంది. అయితే ఒక్కో కణానికి అందే దెబ్బ ఎంతన్నది పక్కన ఎన్ని కణాలున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. పలుచగా ఉన్న వెల్‌లో 8 మైక్రోమోలార్ పడితే మర్నాటికి సగం కణాలు ఊడి తేలతాయి. కిక్కిరిసిన వెల్‌లో అదే 8 చాలదు, మీసోడర్మ్ (గుండె కండరం పుట్టే పిండ పొర) సగమే తయారవుతుంది. రెండు చోట్లా 15వ రోజు కనిపించేది తక్కువ శాతమే, కానీ కారణాలు పూర్తిగా ఎదురెదురు. కాబట్టి చివరి అంకె ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం.

ఇలా చేసి చూడండి. ఆక్యుటేజ్ ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర 5 నుంచి 7 నిమిషాల్లో విడి కణాలుగా చేయండి. సెంట్రిఫ్యూజ్‌లో 200 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే పట్టే రంగు) లెక్కపెట్టండి. బతికినవి 90 శాతం కంటే తక్కువుంటే ఆ రోజు ప్రయోగం ఆపేయండి. 12 వెల్ ప్లేటులో అడ్డంగా మూడు వరుసలు, నిలువుగా నాలుగు. వరుసలకు 3, 5, 8 లక్షల కణాలు, నిలువు వరుసలకు చిర్ 4, 6, 8, 10 మైక్రోమోలార్. ఒక్క ప్లేటులో పన్నెండు జవాబులు. వేసిన రోజు 10 మైక్రోమోలార్ వై-27632 (విడి కణాలు చావకుండా కాపాడే రాక్ ఇన్హిబిటర్), 24 గంటల తర్వాత తీసేయాలి, 48 గంటలకు సున్నా రోజు. చిర్ అసలు పడని వెల్ ఒకటి వేరే ప్లేటులో ఉంచండి. ప్రతి సాంద్రతకూ ఒక అదనపు వెల్ వేసి, సున్నా రోజున దాన్ని విప్పి లెక్కపెట్టండి. ఆ అంకె నోటుబుక్కులోకి ఎక్కాలి. "80 శాతం" అని రాయొద్దు.

నాడీనాళం
లెక్కపెట్టాలన్నది ఒప్పుకుంటాను. ఆక్యుటేజ్ దగ్గరే ఒక హెచ్చరిక. ప్రయోగం కోసం విడదీయండి, రోజువారీ పాసేజ్‌కి మాత్రం ఈడీటీఏ వదలొద్దు. 0.5 మిల్లీమోలార్, కాల్షియం మెగ్నీషియం లేని పీబీఎస్‌లో, 3 నుంచి 5 నిమిషాలు. అంచులు తెల్లగా మెరుస్తూ ముద్దలో సందులు కనిపించగానే ఈడీటీఏ తీసేసి, మీడియం పోసి, రెండు మూడు సార్లకు మించకుండా పైకీ కిందికీ తీయాలి. ముద్దలు 50 నుంచి 200 మైక్రాన్లుండాలి. అంతకంటే పెద్దవైతే నడుమ చీకటి పడి డిఫరెన్షియేట్ అవుతాయి (వేరే రకం కణాలుగా మారిపోతాయి), చిన్నవైతే చస్తాయి.

ప్రతిసారీ విడి కణాలుగా చేస్తే చావు తట్టుకునే కణాలకే దారి వేసినట్టు. 20వ క్రోమోజోములోని 20క్యూ11.21 అనే ముక్కకు అదనపు కాపీ వచ్చిన కణాలు పైకొచ్చేది అలాగే. ఆ ముక్కలో బీసీఎల్2ఎల్1 ఉంది, చావును ఆపే జన్యువు.

హుడ్‌కింద
@నాడీనాళం, ఇది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. రాక్ ఇన్హిబిటర్ సరిగ్గా వాడుతూ, సాంద్రత నిలకడగా ఉంచుతూ, పది పాసేజ్‌లకోసారి తనిఖీ చేస్తే విడి కణాలతోనూ ఏళ్ల తరబడి నడుస్తుంది. బయోరియాక్టర్లలో పెంచేవాళ్లలో చాలామంది చేసేది అదే. తప్పు ఆక్యుటేజ్‌ది కాదు, తనిఖీ లేకపోవడం.

నాడీనాళం
తనిఖీ చేస్తేనే కదా. ఇక్కడ పాసేజ్ 15 నుంచి 41 దాకా ఎవరూ చూడలేదు. ఆ పరిస్థితిలో ముద్దలే మేలంటాను.

కార్యోటైప్
ఆ 26 పాసేజ్‌ల ఖాళీ నన్ను కూడా పట్టి లాగింది. మీ సెల్స్ ఈ మధ్య "బాగా పెరుగుతున్నాయి" అని ఎవరైనా అన్నారా? పాసేజ్ తర్వాత బతికే శాతం హఠాత్తుగా పెరిగినా, 1:6 చేస్తే నాలుగు రోజులు పట్టేది మూడు రోజులకే నిండినా సంబరపడొద్దు, అనుమానించండి.

జీ బ్యాండింగ్ (క్రోమోజోముల చారలకు రంగు వేసి చూడడం) చేయిస్తే 20 మెటాఫేజ్‌లు, అంటే విభజన మధ్యలో ఉన్న 20 కణాలు చూస్తారు. 20లో ఒక్కటీ తేడాగా లేకపోతే 14 శాతం పైబడిన మొజాయిక్ (మారిన కణాల కలగలుపు) లేదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, అంతే. 10 శాతం కణాలు మారిపోయి ఉన్నా తప్పించుకోగలవు. పైగా 5 నుంచి 10 మెగాబేసుల (ఒక్కోటి పది లక్షల డీఎన్ఏ అక్షరాలు) కంటే చిన్న మార్పు బ్యాండుల్లో కనపడదు, 20క్యూ11.21 పెరుగుదల చాలాసార్లు ఆ గీతకు కిందే ఉంటుంది. అందుకే జీ బ్యాండింగ్‌తో పాటు 1, 8, 12, 17, 20, ఎక్స్ క్రోమోజోముల్లో తరచూ మారే చోట్లకు క్యూపీసీఆర్ (డీఎన్ఏ కాపీలు లెక్కపెట్టే పరీక్ష) పెట్టండి, లేదా 20క్యూకి ఫిష్ (ఆ ముక్కకు వెలిగే గుర్తు పెట్టి చూడడం) చేయించండి. క్యూపీసీఆర్ మీ ల్యాబ్‌లోనే ఒక పూటలో అయిపోతుంది.

ఇంకొకటి, ఇవేవీ పాయింట్ మ్యుటేషన్లను (ఒక్క అక్షరం మార్పులను) పట్టవు. 2017లో 140 మానవ ఈఎస్ (పిండ మూలకణ) లైన్ల ఎక్సోమ్ (ప్రోటీన్లకు కోడ్ చేసే డీఎన్ఏ) చదివితే ఐదింటిలో టీపీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువు) మార్పులు బయటపడ్డాయి. క్రోమోజోములు చక్కగా ఉన్నాయంటే కణాలూ చక్కగా ఉన్నట్టు కాదు.

పిండశాస్త్రి
20క్యూ పెరిగిన లైన్లలో న్యూరోఎక్టోడర్మ్ (నాడీ కణాలు పుట్టే పొర) వైపు వెళ్లడం దెబ్బతింటుంది, టీజీఎఫ్ బీటా, స్మాడ్ సంకేతాలు తేడా పడతాయి కనుక. కాబట్టి గుండె ఒక్కటే చూసి లైన్ బాగుందో లేదో తేల్చొద్దు. ఎస్‌బీ431542 10 మైక్రోమోలార్, ఎల్‌డీఎన్193189 100 నానోమోలార్ (రెండూ స్మాడ్ నిరోధకాలే) కలిపి ఒక వెల్‌ను నాడీ వైపు తోయండి. పది రోజుల్లో పాక్స్6 (నాడీ కణాల గుర్తు) రాకపోతే అసలు రోగం ప్రోటోకాల్‌లో లేదు, కణాల్లోనే ఉంది.

కొత్తపిపెట్
> 1:6 చేస్తే నాలుగు రోజులు పట్టేది మూడు రోజులకే నిండినా
ఇది నిజంగానే జరుగుతోంది. రెండు నెలలుగా.

కార్యోటైప్
అయితే ఈ రోజే ఒక పెల్లెట్ తీసి డీఎన్ఏ చేయండి. పాసేజ్ 15, 20 దగ్గర ఫ్రీజ్ చేసిన వయల్ ఉంటే దాని డీఎన్ఏ పక్కన పెట్టి పోల్చాలి. ఎస్‌టీఆర్ (లైన్ ఏదో తేల్చే డీఎన్ఏ వేలిముద్ర) కూడా కలిపి పంపండి. రెండు లైన్లు కలిసిపోయిన కల్చర్లు మనం అనుకునేంత అరుదేం కాదు.

మూత_బిగించు
మైకోప్లాస్మా ఏడాది కిందట అన్నారు. నెలకోసారి చూడాలి. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. సైజు చిన్నది, మెత్తగా వంగుతుంది కాబట్టి 0.22 మైక్రాన్ ఫిల్టర్‌ని కూడా దాటేయగలదు. మీడియం మసకబారదు, వాసన రాదు. కణాలు మామూలుగానే ఉంటాయి, డిఫరెన్షియేషన్ మాత్రం బ్యాచ్‌కో రకంగా వస్తుంది. మీ వరుస అంకెలకు అచ్చం సరిపోయే లక్షణం. పీసీఆర్‌కు మీడియం తీసేటప్పుడు రెండు మూడు రోజులు మార్చని, యాంటీబయాటిక్ లేని కల్చర్ నుంచి తీయండి, లేకపోతే ఉన్నా దొరకదు. ఐపీఎస్ మీడియంలో పెన్ స్ట్రెప్ (పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్) ఉంటే తీసేయండి, అది తప్పులను దాచిపెడుతుంది.

హుడ్‌కింద
చిర్ లెక్క ఎవరూ ముట్టుకోలేదు. 10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 1 మి.లీ.లో 8 మైక్రోమోలార్ కావాలంటే 0.8 మైక్రోలీటర్. ఒక్కో వెల్‌లో విడిగా 0.8 వేస్తున్నారా? పిపెట్ చివర అంటుకునే బొట్టే అంతుంటుంది. 12 మి.లీ. మీడియంలో 9.6 మైక్రోలీటర్లు ఒకేసారి కలిపి అన్ని వెల్స్‌కీ పంచండి. డీఎంఎస్‌ఓ 0.08 శాతం అవుతుంది, పర్లేదు. ఒకే ట్యూబును కరిగిస్తూ గడ్డకట్టిస్తూ ఉండకండి, 20 మైక్రోలీటర్ల చొప్పున పంచుకుని ఒక్కోటి ఒక్కసారే వాడండి. కొత్త లాట్ వచ్చిందంటే మళ్లీ 4 నుంచి 10 దాకా చూడాల్సిందే.

ఐడబ్ల్యూపీ2 ఇంకా మొండిది. స్టాక్ చల్లగా ఉంటే పలుకులు కడుతుంది. 37 డిగ్రీల్లో కాసేపు వెచ్చబెట్టి, పూర్తిగా కరిగిందని వెలుగులో చూసుకుని అప్పుడు 5 మైక్రోమోలార్‌కు కలపాలి. మరీ విసిగిస్తే వింట్ సీ59కి మారండి, 2 మైక్రోమోలార్ చాలు.

మెసోడర్మ్_మనిషి
పై పోస్టుకు తోడు, 15 రోజులు ఆగనక్కర్లేకుండా ఎక్కడ తప్పుతోందో పట్టే ఉపాయం. చిర్ పడ్డాక 24 నుంచి 48 గంటల్లో ఒక వెల్ ఫిక్స్ చేసి బ్రాక్యూరీకి (మీసోడర్మ్ దశ గుర్తు) రంగు వేయండి. 90 శాతం దాకా వెలిగి, చివరకు ట్రోపోనిన్ తక్కువొస్తే తప్పు రెండో మెట్టులో, అంటే ఐడబ్ల్యూపీ2లోనో టైమింగులోనో. బ్రాక్యూరీయే 40 శాతం వస్తే తప్పు మొదటి మెట్టులో, ఆ ప్లేటు అక్కడే ఆపేయొచ్చు. రెండు వారాల మీడియం మిగులుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. ఏడో రోజు వరకు ఇన్సులిన్ లేని బీ27 (మీడియంలో కలిపే పోషక మిశ్రమం). ఇన్సులిన్ ఉంటే గుండె మీసోడర్మ్ సరిగా ఏర్పడదు. డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి, మూత మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

నీలిమూత
వెల్ మధ్యలో కుప్పగా, అంచుల్లో పలుచగా ఉంటోందా? ప్లేటును గుండ్రంగా తిప్పితే కణాలన్నీ నడిమికి చేరతాయి. ముందుకూ వెనక్కూ, ఎడమకూ కుడికీ మూడేసి సార్లు జరిపి, బల్ల మీద 10 నిమిషాలు కదలకుండా ఉంచి, ఆ తర్వాతే ఇంక్యుబేటర్‌లో పెట్టండి. ఒకే వెల్‌లో మూడు సాంద్రతలు ఉంటే మీ పన్నెండు వెల్స్ లెక్క అర్థం లేనిదవుతుంది.
మాట్రిజెల్ కూడా. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర మంచులో పెట్టి కరిగించాలి, టిప్పులు చల్లగా ఉండాలి. 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది, పూత మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఒకసారి పూశాక ఎండనివ్వొద్దు.

ఆదివారం_ఫీడింగ్
ఈ8 వాడుతున్నారు కదా, శని ఆదివారాలు వదిలేస్తున్నారా?

కొత్తపిపెట్
శనివారం రెట్టింపు మీడియం పోసి ఆదివారం వదిలేస్తాం. అది తప్పా?

ఆదివారం_ఫీడింగ్
ఈ8లో ఉండే మామూలు ఎఫ్‌జీఎఫ్2 (కణాలను మూలకణాలుగానే ఉంచే ప్రోటీన్) 37 డిగ్రీల దగ్గర ఒక రోజులోనే చాలావరకు నీరసిస్తుంది. రెట్టింపు పోస్తే పోషకాలు మిగులుతాయి, ఎఫ్‌జీఎఫ్ మిగలదు. వేడికి తట్టుకునేలా మార్చిన ఎఫ్‌జీఎఫ్ ఉన్న మీడియం అయితే ఒక రోజు వదలొచ్చు. సీసాను 37 డిగ్రీల నీళ్లలో పెట్టే అలవాటుంటే మానేయండి. కావలసినంత విడిగా తీసుకుని గది వేడికి రానిస్తే చాలు.

నాడీనాళం
నిండిన ప్లేటు అయితే వదలకపోవడమే మంచిది. మీడియం పసుపు తిరిగిందంటే ఆమ్లం పెరిగినట్టు, ఆ స్థితిలో డీఎన్ఏ దెబ్బతింటుంది. సోమవారం ప్రయోగం మొదలుపెట్టే ప్లేటుకు ఆదివారం ఎవరో ఒకరు రావాల్సిందే.

సైటోమెట్రీ_శ్రీ
ఆ 70, 15, 5 అంకెలు ఎలా కొలిచారో కూడా అడగాలి. 15వ రోజు షీటును విప్పేటప్పుడు గట్టిగా కొడితే ముందు చచ్చేవి గుండె కణాలే, మిగిలేవి ఫైబ్రోబ్లాస్టు లాంటివి. అప్పుడు నిజంగా 60 ఉన్నా ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి లెక్కపెట్టడం) 30 చూపిస్తుంది. విడదీశాక 40 మైక్రాన్ల జల్లెడ, ఫిక్స్ చేసేముందు చచ్చిన కణాల రంగు, 1 శాతం పారాఫార్మాల్డిహైడ్, తర్వాత చల్లటి 90 శాతం మెథనాల్. కంట్రోల్‌గా ఐసోటైప్ (ట్రోపోనిన్‌కు అతకని యాంటీబాడీ) ఒక్కటే చాలదు, అదే రోజు అదే తీరుగా ఫిక్స్ చేసిన ఐపీఎస్ కణాలు కూడా పెట్టి వాటి మీద గేటు (పాజిటివ్, నెగటివ్ హద్దు) గీయండి.
కొట్టుకోవడం చూసి శాతం అంచనా వేయొద్దు. కణాలు ఒకదానికొకటి విద్యుత్తుతో కలిసి ఉంటాయి కనుక తక్కువ శాతం ఉన్న షీటు కూడా మొత్తంగా ఊగుతుంది. అది చూస్తే మన గుండె ఆగదు, ఆనందం నిజమే, కానీ అది కొలత కాదు.

పిండశాస్త్రి
గైడ్ చెప్పిన "ఇంకో పేపర్ పట్టుకో" దగ్గరికి వస్తాను. ఏ పేపర్ పట్టుకున్నా లోపల ఉండేది పిండం నడిచే వరుసే. చిర్‌తో ప్రిమిటివ్ స్ట్రీక్ (పిండంలో మీసోడర్మ్ మొదలయ్యే చోటు), వింట్ ఆపితే గుండె మీసోడర్మ్. నాడీ కణాలకు వాడే రెండు స్మాడ్ నిరోధకాల వెనక 1924లో స్పేమన్, మాంగోల్డ్ న్యూట్ పిండాల్లో చూసిన ఆర్గనైజర్ (చుట్టూ ఉన్న కణాలకు దారి చూపే ముక్క) ఉంది. బీఎంపీ సంకేతాన్ని అడ్డుకుంటే ఎక్టోడర్మ్ (పిండం పై పొర) నాడి వైపు పోతుందని ఆ దారిలోనే తెలిసింది. ఏ రోజు ఏ సంకేతం, ఎందుకు అన్నది తెలిసినవాళ్లు ప్లేటు పాడైతే ఎక్కడ చూడాలో వెంటనే చెప్పగలరు. తెలియనివాళ్లు పేపర్లు మారుస్తూ పోతారు.

డేటా_దారి
ఇది కొంచెం పాత మాట అనిపిస్తోంది. ఇప్పుడు సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదవడం) చేసి మీ కణాలు పిండం పటంలో ఎక్కడున్నాయో సూటిగా చూడొచ్చు. రెండో ప్రశ్నకు నా జవాబు, కోడింగ్ నేర్చుకోండి. ఆర్‌లోనో పైథాన్‌లోనో కౌంట్ మ్యాట్రిక్స్ (ఏ కణంలో ఏ జన్యువు ఎంత అన్న పట్టిక) తెరిచి, చచ్చిన కణాలనూ డబ్లెట్లనూ (ఒకటిగా లెక్కకొచ్చిన జంట కణాలు) తీసేసి, బ్యాచ్ తేడాను గుర్తుపట్టేంత వస్తే చాలు.

పిండశాస్త్రి
నేర్చుకోవాలి, కాదనను. కానీ క్లస్టర్‌కు (ఒకే రకం కణాల గుంపుకు) పేరు పెట్టేటప్పుడు ఎన్‌కేఎక్స్2.5, ఐఎస్ఎల్1, టీబీఎక్స్5 అనే గుండె జన్యువులు ఎప్పుడు ఎక్కడ వెలుగుతాయో తెలిసి ఉండాలి కదా? ఆ పటంలో ఊళ్ల పేర్లు రాసింది పిండాలు కోసి చూసినవాళ్లే.

బ్యాచ్‌రికార్డ్
ఉద్యోగాల సంగతి. "కణాలు పెంచడం తప్ప వేరే పని రానివాళ్లు" అని మీరు తక్కువ చేసుకున్నదే సెల్ థెరపీలో అందరూ వెతికే పని. అయితే అది రెజ్యూమేలో ఎలా కనిపిస్తుందన్నదే తేడా. "ఐపీఎస్ కల్చర్, డిఫరెన్షియేషన్ వచ్చు" అని వందమంది రాస్తారు. "మూడు లైన్లలో, ఎనిమిది వరుస బ్యాచుల్లో, శాతం ఇంత, బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి తేడా ఇంత, తేడాకు కారణం సాంద్రత అని ఇలా తేల్చాను" అని రాసినవాళ్లను పిలుస్తారు. మీ ప్రస్తుత సమస్యే మీ ఇంటర్వ్యూ.

పనులు కూడా ఒకటి కాదు. ప్రాసెస్ డెవలప్‌మెంట్ అంటే 12 వెల్ పద్ధతిని లీటర్లకు తీసుకెళ్లడం. ఇక్కడ పైన మెసోడర్మ్_మనిషి వేసిన మూడు నాలుగుల పట్టికనే పెద్దది చేసి డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ అంటారు. క్వాలిటీ కంట్రోల్ అంటే ఫ్లో, క్యూపీసీఆర్, స్టెరిలిటీ పరీక్షలు, ఒక పరీక్ష నిజంగా ఎంతవరకు నమ్మదగిందో నిరూపించడం. తయారీలో శుభ్రమైన గదుల్లో బ్యాచ్ రికార్డు ప్రకారం పని. రెగ్యులేటరీలో ఆ కాగితాలన్నీ అర్థమయ్యేలా రాయడం. కోర్ ఫెసిలిటీల్లో లైన్లు, బ్యాంకులు చూసుకోవడం. చేతిపని ఇష్టమైనవాళ్లకు ఇదే నిలకడైన చోటు, ఎవరూ దీని గురించి చెప్పరు.

ఈ రోజు నుంచే ఒక అలవాటు చేసుకోండి. లాట్ నంబరు, పాసేజ్, లెక్కపెట్టిన అంకె, మీడియం తెరిచిన తేదీ, ఎన్ని గంటలకు మార్చారు, ప్రతిసారీ రాయాలి. జీఎంపీలో (మందుల తయారీ నాణ్యతా నియమాలు) రాయనిది జరగనట్టే. తప్పు జరిగితే చెరిపేయరు, ఒక గీత కొట్టి, సంతకం, తేదీ వేస్తారు.

కార్యోటైప్
దానికి అసలైన ఉదాహరణ. 2014లో జపాన్‌లో మసయో తకహాషి బృందం రోగి సొంత ఐపీఎస్ కణాల నుంచి చేసిన రెటీనా పొరను మొదటిసారి మనిషి కంట్లో పెట్టింది. రెండో రోగి కోసం చేసిన కణాల్లో మ్యుటేషన్లు కనిపించడంతో శస్త్రచికిత్స ఆపేశారు. ఆ నిర్ణయం కణాలను పెంచినవాళ్లూ పరీక్షించినవాళ్లూ ఇచ్చిన కాగితాల మీదే నడిచింది.

డేటా_దారి
@బ్యాచ్‌రికార్డ్ చెప్పింది నాకూ నచ్చింది. పోస్ట్‌డాక్ వెళ్లాలనుకుంటే ఇంకొకటి కలుపుతా. ల్యాబ్ ఎంచుకునేముందు అక్కడి పేపర్లు కాదు, గత ఐదారేళ్లలో బయటికొచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో చూడండి. వాళ్లలో ఇద్దరితో మాట్లాడండి. మధ్యలో వదిలేసినవాళ్లతో కూడా.

కొత్తపిపెట్
మూడు వారాల తర్వాత అప్‌డేట్. మైకోప్లాస్మా నెగటివ్. క్యూపీసీఆర్‌లో 20క్యూ దగ్గర పాసేజ్ 41కి కాపీలు రెండున్నర దాకా, పాసేజ్ 18 వయల్‌కి రెండే. పాత వయల్ కరిగించి, రెండు పాసేజ్‌లు నడిపి, పట్టిక ప్లేటు వేశాను. 5 లక్షలు, 6 మైక్రోమోలార్ దగ్గర బ్రాక్యూరీ 93 శాతం. 8 మైక్రోమోలార్‌తో 3 లక్షల వెల్ మొత్తం ఊడిపోయింది, 8 లక్షల వెల్‌లో 50 కూడా రాలేదు. ట్రోపోనిన్ ఇంకా కొలవలేదు, ఎనిమిదో రోజు, కుడివైపు మూలలో కొట్టుకోవడం మొదలైంది.

కార్యోటైప్
రెండున్నర అంటే సుమారు సగం కణాల్లో అదనపు కాపీ ఉన్నట్టు. పాసేజ్ 41వి అన్నీ పారేయకండి. రెండు వయల్స్ "20క్యూ పెరిగినవి" అని స్పష్టంగా రాసి, మిగతావాటికి దూరంగా వేరే పెట్టెలో ఉంచండి. పాత ఐదు బ్యాచుల అంకెలు థీసిస్‌లోకి వెళ్తే వివరణకు పనికొస్తాయి. పాసేజ్ 18 వయల్స్ ఇంకెన్ని ఉన్నాయి?

కొత్తపిపెట్
మూడు.

హుడ్‌కింద
అయితే ఇంకేం కరిగించకండి. ఇప్పుడు నడుస్తున్న ఐపీఎస్ ప్లేటు నుంచే 20 వయల్స్ బ్యాంకు చేయండి (గడ్డకట్టించి దాచండి). 10 శాతం డీఎంఎస్‌ఓ ఉన్న ఫ్రీజింగ్ మీడియం, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 80 దాకా, మర్నాడు ద్రవ నైట్రోజన్ ఆవిరిలోకి. అందులో ఒకటి కరిగించి, పెరుగుదల, 20క్యూ, మైకోప్లాస్మా మూడూ సరిగ్గా వచ్చాకే మిగతా 19 వాడుకలోకి.